ఉల్టా బిగించిన కమాను

వ్యాన్ వెనక కమాను విరిగినప్పుడు నడుపుతున్నది నేనే. డెబ్బై నీళ్ళ క్యాన్లు ఎక్కించుకుని చిరాగ్‌పల్లి బయలుదేరాను. ఇంకా మా కాలనీ కూడా దాటలేదు. మలుపులో ఎవరో తమ ఇంటి ముందు సొంతంగా పోసుకున్న సిమెంటు గడ్డ ఒకటుంది, దాన్నే మేం స్పీడ్ బ్రేకర్ అంటాం. అది ఎక్కి దిగగానే వెనక నుంచి ఠంగుమని ఒక చప్పుడు. వ్యాన్ ఎడమవైపుకి కూలబడింది. దిగి చూస్తే టైరు మడ్‌గార్డుని ముద్దు పెట్టుకుంటోంది.

ముందు గేరు ముట్టుకోకుండా, వెనక్కి వెనక్కి నడుపుకుంటూ ఇంటికి తెచ్చాను. మా ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నేను రోజు చెప్తనే ఉన్న, యాభై కంటె ఎక్కువ పెట్టొద్దని," అన్నాడు.

పదేళ్ళుగా ఈ నీళ్ళ ప్లాంటు నడుపుతున్నాం. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. ఆ డెబ్బై క్యాన్లలో నలభై ఆయన చేత్తో ఎక్కించినవే.

మా వ్యాన్ పాతది. మేం కొనేనాటికే దానికి ఇద్దరు యజమానులు మారారు. దాని వెనక చక్రాల మీద బరువు మోసేది కమాను. వంచిన ఇనుప పట్టీలు ఐదు ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుమ ఒక బోల్టు దించి కట్టిన కట్ట అది. అన్నిటికీ పైనుండే పొడుగాటి పట్టీకి రెండు కొసలా చుట్టలుంటాయి. ఆ చుట్టల్లోంచే అది బండికి వేలాడుతుంది. మాది ఆ పై పట్టీయే రెండు ముక్కలైంది. ఒకవైపు మారిస్తే రెండోవైపు కూడా మార్చాలి, లేకపోతే బండి వంకరగా నిలబడుతుంది. ఇవన్నీ ఇప్పుడు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ రోజు నాకు తెలిసిందల్లా ఒక్కటే: ఎండాకాలం, పెళ్ళిళ్ళ కాలం, ఎల్లుండి మొగుడంపల్లి దారిలోని ఫంక్షన్ హాలుకి రెండు వందల క్యాన్లు పంపాలి.

హైవే పక్కన కమాన్ల పని చేసే మిస్త్రీకి ఫోన్ చేశాను. "అక్కా, దార్లనే ఉన్న," అన్నాడు. మధ్యాహ్నం చేశాను. "వచ్చేసిన అక్కా, మలుపు కాడ ఉన్న." మలుపు దాకా నడిచి వెళ్ళి చూశాను. గేదె ఒకటి నిలబడి ఉంది. మర్నాడు పొద్దున మళ్ళీ చేస్తే, "అక్కా, మీ ఇల్లు యాడ?" అన్నాడు. లారీలు వరసకట్టి ఉన్నాయనీ, నాలుగు రోజుల దాకా రాలేననీ మొదటిరోజే చెప్పి ఉంటే అతని సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈలోగా మా ఆయన తన ఫ్యాక్టరీ డ్యూటీకి సెలవు పెట్టి, ఫోన్‌లో వీడియో చూశాడు. అదేదో భాషలో ఎవరో మాట్లాడుతున్నారు. వాళ్ళ బండి వేరు, వాళ్ళ చేతులకి తెల్లటి గ్లౌజులున్నాయి, బోల్టులన్నీ కొత్త గాజుల్లా మెరుస్తున్నాయి.

"పది నిమిషాల పని," అన్నాడు మా ఆయన.

"గ వీడియోనే పది నిమిషాలున్నది," అన్నాను.

కొత్త కమాన్ల జత, వాటి బోల్టులతో సహా, అప్పటికే బజారు నుంచి తెచ్చేశాడు. ఎర్ర రంగు పూసి ఉన్నాయి. వాటిని ఆటోలోంచి దించుతుంటే, ఆ చప్పుడు విని ఎదురింటి చాచా బయటికొచ్చాడు.

చాచా ముప్పై ఏళ్ళకి పైగా హైవే మీద షెడ్డులో లారీల కమాన్లు విప్పి బిగించినవాడు. షోలాపూర్ నుంచి వచ్చే డ్రైవర్లు ఆయన కోసం అక్కడిదాకా కుంటుకుంటూ లాక్కొచ్చేవాళ్ళని చెప్పుకుంటారు. రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి పని మానేశాడు. ఎందుకంటే మోకాళ్ళు అన్నాడు. అప్పటి నుంచి తెల్ల లాల్చీ వేసుకుని, గేటు ముందు కూర్చుని, దారిన పోయే బండ్ల చప్పుడు విని వాటి రోగాలు చెబుతూ ఉంటాడు. ఆయన్ని అడగాలని నాకు ముందే ఉంది గానీ, పని మానుకున్న పెద్దమనిషిని మళ్ళీ మట్టిలోకి ఎలా పిలవడమని ఊరుకున్నాను. ఆయనే తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని మా వాకిట్లో, వ్యాన్ ఎడమ పక్కన వేసుకున్నాడు.

"నేను చెప్త, మీరు చెయ్యిన్రి. నా మోకాళ్ళు వంగయి," అన్నాడు.

ఆ మాటకి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆ ధైర్యం గంటసేపు కూడా నిలవలేదు.

మొదట మా ఆయన జాకీ ఎత్తాడు. చక్రం గాల్లోకి లేచాక నట్లు విప్పబోయాడు. పానాతోపాటు చక్రం కూడా తిరిగింది. హ్యాండ్ బ్రేకు మా వ్యాన్‌లో అలంకారానికి మాత్రమే ఉంది.

"అరె భాయ్, ముందు నట్లు లూజ్ చెయ్యాలె, తర్వాత జాకీ," అన్నాడు చాచా.

దించాడు. నట్లు వదులు చేశాడు. మళ్ళీ ఎత్తాడు. ప్లాంటు నుంచి కారే నీళ్ళతో మా వాకిలి ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. వ్యాన్ లేవడానికి బదులు జాకీ నేలలోకి దిగింది. చెక్క వెతికి, కింద పెట్టి, మళ్ళీ మొదటి నుంచి. ముందు చక్రాలకి రాళ్ళు పెట్టమని చాచా మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ "పెట్టిన" అన్నాడు మా ఆయన. వెళ్ళి చూస్తే ఒక చక్రానికే పెట్టాడు. రెండో రాయి నేను పెట్టాను. ఛాసిస్ కింద కట్టెమొద్దులు పేర్చి, బండి బరువు వాటి మీదికి దింపి, రెండో జాకీ ఇరుసు కింద పెట్టేసరికి పదకొండైంది. అప్పటిదాకా పానా కమానుని తాకనేలేదు.

కమానుని ఇరుసుకి అదిమి పట్టేవి యూ బోల్టులు. వాటి నట్లు ఎన్నేళ్ళ నుంచి అక్కడున్నాయో, తుప్పుతో ఇనుమూ మట్టీ ఒకటైపోయి ఉన్నాయి. గ్యాస్‌నూనె పోసి అరగంట ఆగమన్నాడు చాచా. మా ఆయన ఐదు నిమిషాలు ఆగి, పానాకి పైపు తొడిగి లాగాడు. పానా జారి, వేళ్ళు వెళ్ళి ఛాసిస్‌కి కొట్టుకున్నాయి. ఆయన వ్యాన్‌ని తిట్టాడు, తర్వాత పానాని, తర్వాత యాభై కంటే ఎక్కువ క్యాన్లు పెట్టే మనుషుల్ని.

అదే సమయంలో ఫంక్షన్ హాలు మేనేజర్ ఫోన్. "అమ్మా, నీళ్ళు పక్కానేనా?"

"పక్కా," అన్నాను, బండి కింద పడుకుని, కంట్లో తుప్పుపొడి రాలుతుండగా.

ఒక నట్టు వచ్చింది. రెండోదీ వచ్చింది. మిగిలిన రెండూ రాలేదు. రంపం బ్లేడుతో బోల్టులే కోశాం. నేను కాసేపు, ఆయన కాసేపు. మూడు బ్లేడులు విరిగాయి. ముందు కొసలో ఉన్న బోల్టు సమ్మెట దెబ్బలకి కూడా కదల్లేదు. చాచా కుర్చీలోంచే విని, "పైనుంచి కొడుతున్నవ్. పక్క నుంచి కొట్టు. చప్పుడు మొండిగ వస్తున్నది," అన్నాడు. పక్క నుంచి కొడితే మూడో దెబ్బకి వచ్చేసింది. చప్పుడుని బట్టి దెబ్బ ఎక్కడ పడుతోందో చెప్పాడని నేను ఆశ్చర్యపోయాను. ఆశ్చర్యపోయి ఊరుకోవడం నా తెలివితక్కువతనం.

పాత కమాను కింద పడేసరికి రెండు దాటింది. అన్నం తిని, కొత్త కమాను తీసుకున్నాం. చాచా దాన్ని ఒళ్ళో పెట్టించుకుని ఒక పట్టీ తర్వాత ఒక పట్టీ వేళ్ళతో లెక్కపెట్టాడు. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మాల్ మంచిదే," అని తిరిగిచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ రకం కమానుకి నడుమ బోల్టు సరిగ్గా నడుమ ఉండదు. ఒకవైపు కాస్త పొట్టిగా, ఇంకోవైపు కాస్త పొడుగ్గా ఉంటుంది. చూడగానే తెలిసేంత తేడా కాదు. పొట్టివైపు బండి ముందుకి రావాలి. ఇది చాచాకి తెలుసు. మాకు తెలియదు.

నేను బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను, కాళ్ళు బయటికి పెట్టి. కమాను నా ఛాతీ మీద ఉంది.

"బేటీ, పొట్టి దిక్కు ఎటున్నది?" అని అడిగాడు చాచా.

చేతులతో తడిమి చూసి, "ఎడమ దిక్కున్నది చాచా," అన్నాను.

"ఠీక్. గట్లనే ఎక్కియ్."

ఆయన ఎడమ వేరు, నా ఎడమ వేరు. బండి పక్కన దానికేసి తిరిగి కూర్చున్న మనిషికి ఎడమవైపు బండి ముందుంటుంది. బండి కింద వెల్లకిలా పడుకున్నదానికి ఎడమవైపు బండి వెనకుంటుంది. ఈ లెక్క నేను మర్నాడు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని కూర్చుంటే తట్టింది.

రెండు కొసలూ ఎక్కాయి. కానీ నడుమ బోల్టు తల ఇరుసు మీదున్న గుంతలో కూర్చోవాలి కదా, అది కూర్చోదే! రెండు వేళ్ళ మందం వెనకపడింది. గడ్డపార పెట్టి ఇరుసుని వెనక్కి తోశాడు మా ఆయన. నేను తాడు కట్టి లాగాను.

"వస్తలేదు చాచా!"

"కొత్త కమాను గద, జర సతాయిస్తది. ఫికర్ చెయ్యకు."

గంటంపావు సతాయించాక, గడ్డపార మీద మా ఆయన ఒంటి బరువంతా వేసి ఊగితే, టక్కుమని కూర్చుంది. మేం ముగ్గురం గెలిచినట్టు కేకలేశాం. కొత్త యూ బోల్టులు బిగించాం. చక్రం ఎక్కించాం. మొద్దులు తీసి దించాం.

టైరు మడ్‌గార్డు వెనక అంచుని ఆనుకుని ఉంది. వేలు దూరే సందు కూడా లేదు.

మా ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు చూశాడు. "రన్నింగ్‌ల సర్దుకుంటది," అన్నాడు.

నేను స్టార్ట్ చేసి గజం దూరం నడిపాను. రబ్బరు కాలిన వాసన వాకిలంతా వ్యాపించింది.

అప్పుడు చాచా కుర్చీలోంచి లేచాడు. వ్యాన్ పక్క పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. వంగవన్న మోకాళ్ళు బాగానే వంగాయి. చెయ్యి లోపల పెట్టి, నడుమ బోల్టు నుంచి ముందు చుట్ట దాకా జానలు వేశాడు. మళ్ళీ వెనక చుట్ట దాకా వేశాడు. చెయ్యి బయటికి తీసి, నేల వైపు చూస్తూ అన్నాడు:

"ఉల్టా అయింది."

పొద్దుటి నుంచి నాలో ఉడుకుతున్నదంతా అప్పుడు పొంగింది. రాని మిస్త్రీ మీది కోపం, పది నిమిషాల వీడియో మీది కోపం, మేనేజర్ మీది కోపం, అన్నీ కలిసి ఆ ముసలాయన మీద పడ్డాయి.

"చాచా, పొద్దుగాల్ల నుంచి గీ కుర్సీలనే కూసున్నరు గద! మూడడుగుల దూరంల ఉన్నది. ఉల్టా పెడుతున్నమని కనిపిస్తలేదా మీకు?"

"కనిపిస్తలేదు బేటీ," అన్నాడు.

ఎత్తిపొడుపుకి ఎత్తిపొడుపు అనుకున్నాను. కానీ ఆయన గొంతులో అది లేదు.

"కమాను గాదు, నీ మొఖమే కనిపిస్తలేదు. గొంతు గుర్తు పట్టి మాట్లాడుతున్న. జర జర పొగ లెక్క కనిపిస్తది, అంతె."

"ఎప్పటి సంది?"

"పని బంద్ చేసినప్పటి సంది. ఒక లారీకి నట్టు సగమే ఎక్కింది, నేను చూసుకోలే. డ్రైవర్ చూసిండు గాబట్టి బతికిండు. ఆ రోజే షెడ్డు తాళం ఏసిన."

"మరి మోకాళ్ళు?"

"మోకాళ్ళు మంచిగనే ఉన్నయ్."

మా ఆయన చేతిలో పానా అలాగే ఉంది. నేను అడిగాను, "చాచీకి చెప్పలేదా?"

"చెప్తే బండి తాళం గుంజుకుంటది."

రోజూ పొద్దున ఆయన మోపెడ్ మీద కూరగాయలకి వెళ్ళడం నేను చూస్తూనే ఉన్నాను. హైవే దాటి వెళ్ళాలి. అది తలచుకోగానే జాలి ఎక్కడికి పోయిందో పోయింది. "మీరు గా కండ్లతోని హైవే దాటుతున్నరా?" అని అరిచాను. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది.

"దారి తెలుసు గద," అన్నాడు. "లారీ వస్తే చప్పుడైతది."

మా ఆయన నవ్వాడు. ఆయన వైపు ఒక్క చూపు చూశాను. నవ్వు ఆగింది.

చాచా లాల్చీ విప్పి కుర్చీ మీద వేశాడు. బనీనుతో గోనెసంచి మీద పడుకుని బండి కిందికి జరిగాడు. "నువ్వు జరుగు బేటీ. కింద ఎవనికైనా ఏం కనిపిస్తది? మిస్త్రీకి చేతి ఏళ్ళే కండ్లు," అన్నాడు. అంతసేపు ఆ మాట ఎందుకు దాచుకున్నాడని అడగబోయి ఊరుకున్నాను. పానా అంటే పానా ఇచ్చాను, సుత్తె అంటే సుత్తె ఇచ్చాను. మేం పొద్దంతా కొట్టుకున్న పని ఆయన పొద్దు వాలకముందే విప్పి, తిప్పి, బిగించేశాడు. సరిగ్గా పెట్టినప్పుడు నడుమ బోల్టు దానంతటదే గుంతలో కూర్చుంది. గడ్డపార ముట్టుకోవలసిన అవసరమే రాలేదు. అది చూసి నాకు సంతోషం కంటే ఒళ్ళుమంటే ఎక్కువైంది.

మర్నాడు పొద్దున రెండోవైపు. ఈసారి కుర్చీలో మా ఆయన కూర్చున్నాడు, కట్టు కట్టిన వేళ్ళతో. "ముందు నట్లు, తర్వాత జాకీ," అని చాచాకి చెప్పాడు. చాచా తల బయటికి పెట్టి, "మీ ఆయనకు చాయ్ ఇయ్యి బేటీ," అన్నాడు. కొసల బోల్టులు మాత్రం అప్పుడే గట్టిగా బిగించనివ్వలేదు. బండి నేల మీద నిలబడి, కమాను మీద బరువు పడ్డాక బిగించాలట, లేకపోతే లోపలి రబ్బరు మెలిపడి నెలలో చిరుగుతుందట. వీడియోలో ఆ ముక్క ఉందా అని మా ఆయన్ని అడిగాను. నెట్ సరిగ్గా రాలేదన్నాడు.

నాలుగు ట్రిప్పుల్లో రెండు వందల క్యాన్లూ ఫంక్షన్ హాలుకి చేర్చాం. మేనేజర్ లెక్కపెట్టుకుని, "ముందే తేవచ్చు గద," అన్నాడు. బరువుతో వెళ్ళేటప్పుడు వ్యాన్ బుద్ధిగానే వెళ్ళింది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు కొత్త కమాన్ల బిగువుకి వెనకంతా ఎగిరెగిరి పడింది. నా నడుం ఇంటికి వచ్చేసరికి నాది కాదు.

చాచా మాత్రం నన్ను ఒక్కటే అడిగాడు: ఇంట్లో చెప్పొద్దని. నేను సరేననలేదు, కాదనలేదు. మూడో రోజు పొద్దున గేటు తీస్తుంటే ఆయన మోపెడ్ తొక్కుతున్న చప్పుడు వినబడింది. చేతిలోని క్యాను అక్కడే పెట్టి, రోడ్డు దాటి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి చాచీకి అంతా చెప్పేశాను.

"నేను పాపం అనుకుంటున్న," అంది చాచీ. "చాయ్ కప్పు పట్టకుండ పక్కన చెయ్యి పెడుతుంటె, ముసలోడైండు, పరాకు అనుకుంటున్న." కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెంటనే బయటికెళ్ళి, తాళం లాగేసుకుంది. ఆ తర్వాత ఉర్దూలో సాగిన మాటలు కాలనీ అంతా విన్నది.

నెల రోజులు చాచా నాతో మాట్లాడలేదు. గేటు దగ్గర నేను సలాం చెబితే, తల పక్కకి తిప్పి, "ఎవరూ? కనిపిస్తలేదు," అనేవాడు. గొంతు గుర్తుపట్టడనుకోవాలా? నాకు కోపం వచ్చేది, దిగులూ వచ్చేది. మంచి చేసి మాట పడడం కొత్తేం కాదు గానీ, రోజుకి రెండుసార్లు పడాలంటే కష్టం. ఒకరోజు విసుగొచ్చి, "కనిపిస్తలేదంటె దవాఖానకు పోవాలె చాచా, గేటు కాడ కూసుంటె కండ్లు రావు," అనేశాను. లోపల నుంచి చాచీ "గట్ల చెప్పు!" అంది.

మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, అన్నారట. కూతురు వచ్చి హైదరాబాద్ తీసుకెళ్ళి ఒక కంటికి ఆపరేషన్ చేయించింది. కొన్ని వారాలకి రెండోదానికీ అయింది.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున మా ఆయనా నేనూ క్యాన్లు కడుగుతుంటే నల్ల కళ్ళజోడు పెట్టుకుని చాచా మా వాకిట్లోకి వచ్చాడు. నేరుగా వ్యాన్ దగ్గరికి వెళ్ళి, గోనెసంచి అడిగి పరుచుకుని, కింద దూరాడు. డాక్టర్ వంగొద్దన్నాడని చాచీ గేటు దగ్గర నుంచి అరుస్తూనే ఉంది.

"ఈ నట్లు ఎవరు బిగించిన్రు?" అని అడిగాడు కింద నుంచి.

"కొన్ని కిలోమీటర్లు తిరిగినంక మళ్ళ బిగియ్యాలన్నరు గద, నేనే బిగించిన," అన్నాడు మా ఆయన, కొంచెం గొప్పగా.

"అన్ని ఒకటే దిక్కు నుంచి బిగించినవ్. ఎదురెదురు బిగియ్యాలె. ఇది పని గాదు. విప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నాకు కనిపిస్తున్నది."

మా ఆయన వీడియోలో ఇలాగే చూపించారని వాదించాడు. ఆ వీడియో తెమ్మన్నాడు చాచా, ఇప్పుడు తాను కూడా చూస్తానన్నాడు. ఇద్దరూ బండి కింద పక్కపక్కన పడుకుని, ఒకే ఫోన్ చూస్తూ, ఒకరి మాట ఒకరు వినకుండా అరుచుకుంటున్నారు. పది గంటలకి చిరాగ్‌పల్లిలో అరవై క్యాన్లు దించాలి. నేను వెళ్ళి ఆటో ట్రాలీకి ఫోన్ చేశాను.

"అక్కా, దార్లనే ఉన్న," అన్నాడు ట్రాలీ అతను.